ట్రయల్స్ బండికి నేను వేసిన పార్టులు, వేయకూడని ఒక్కటి

మండపేటలో రైసు మిల్లుల పక్క సందులో నాకో మోటారు సైకిళ్ల షెడ్డు ఉండేది. నలభై ఏళ్లు అదే నా లోకం. చూపు మందగించాక తాళం వేసేశాను. ఇప్పటికీ ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు వారానికొకరైనా ఫోన్ చేస్తారు. “అబ్బులు గారూ, ఫలానా బండికి ఏ పార్టు వేస్తే బావుంటుందండి?” అందరిదీ ఇదే ప్రశ్న. నడిపేది ఎవరో చెప్పరు, ఎక్కడ నడుపుతారో చెప్పరు, పార్టు పేరు మాత్రం కావాలి. నాకు ఒళ్లు మండి, ముందు ఆ మనిషి సంగతి చెప్పవయ్యా అంటాను. పెద్దాయనకి చాదస్తం ముదిరిందని అవతల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

అందుకే ఇది రాస్తున్నాను. ఎన్ని బళ్లు బాగుచేశానో, ఎవరెవరు మెచ్చుకున్నారో రాసి మిమ్మల్ని విసిగించను. షెడ్డు మూసే ముందు ఏడాది ఒక బండికి ముక్కముక్కా ఏరి పార్టులు వేశాను. నలభై ఏళ్లలో నేర్చుకోనిది ఆ రెండు నెలల్లో నేర్చుకున్నాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. అది చెప్పకపోతే మిగతాదంతా చెప్పడం దండగ.

బండి కంటే ముందు మనిషి

నాకు పని నేర్పింది రాజమండ్రిలో నూకరాజు గారు. మహా కోపిష్టి. చేతిలో ఏ స్పానరు ఉంటే అది విసిరేవారు. మా అదృష్టం, ఆయనకి గురి లేదు. బండి లోపలికి రాగానే మేం ఇంజను మీద పడబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవారు. ముందు దిగేవాణ్ణి చూడరా అనేవారు. దిగినాయన నడుం పట్టుకుంటే వెనక స్ప్రింగుల సంగతి చూడాలి. కుడి అరచెయ్యి రుద్దుకుంటే యాక్సిలరేటరు కేబులు బిగిసినట్టు. ఆ ఒక్క అలవాటే నాకు జీవితాంతం కూడు పెట్టింది.

ఆయన దగ్గరే ఇంకోటి కూడా ఒంటబట్టింది, అది మంచిది కాదు. షెడ్డులో జరిగిన పొరపాటు కస్టమరు చెవిన పడకూడదన్నది ఆయన పద్ధతి. ఒకసారి నేను ఆయిలు బోల్టు బిగించడం మర్చిపోతే ఒకాయన ఇంజను పట్టేసింది. నూకరాజు గారు ఆయనతో, బండి పాతబడిపోయిందండీ, ఇంక దీనికి ఆయుష్షు లేదు అని చెప్పి పంపేశారు. ఆయన నెలల తరబడి పనికి మా షెడ్డు ముందు నుంచే నడిచి వెళ్లేవాడు. నేను తలదించుకుని ఏదో ఒకటి తుడుస్తూ ఉండేవాణ్ణి. నేను సొంత షెడ్డు పెట్టాక కూడా ఆ పద్ధతి మానలేదు, సిగ్గుపడాల్సిన విషయం.

మండపేటలో నా దగ్గరికి వచ్చే బళ్లన్నీ బరువు మోసేవే. ధాన్యం బస్తాలు, పాల క్యాన్లు, రొయ్యల మేత. కాబట్టి నా దృష్టిలో మంచి పార్టు అంటే గట్టి పార్టు. స్ప్రింగులు గట్టివి వెయ్యడం, వెనక చక్రానికి రాయిలా గాలి కొట్టడం, వెనకాల ఇనుప క్యారియరు వెల్డింగు చేయించడం. చుట్టుపక్కల ఊళ్లలో గట్టి పని కావాలంటే అబ్బులు దగ్గరికే వెళ్లమనేవారు. అది విని నేను కాస్త పొంగిపోయేవాణ్ణి కూడా.

సీటు పీకెయ్యమన్న పిల్ల

సువార్త వాళ్ల నాన్న దానియేలు మాస్టారు నాకు పాత కస్టమరు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, ఆదివారం లూథరన్ చర్చిలో ముందు బెంచీ ఆయనది. సువార్త ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పే టీచరు. ఒకరోజు పాత టూ స్ట్రోక్ వంద సీసీ బండిని తోసుకుంటూ వచ్చింది. నా అలవాటు కొద్దీ ముందు మనిషిని చూశాను. స్టాండు వేసేటప్పుడు కుడికాలు నేలమీద మోపడానికి ఒక్క క్షణం ఆలోచించింది.

“దీన్ని ట్రయల్స్ బండి చెయ్యాలండి మేస్త్రి గారూ. ముందు సీటు పీకెయ్యండి” అంది.

నలభై ఏళ్లలో సీటు మెత్తగా చెయ్యమన్నవాళ్లని చూశాను, పొడుగు చెయ్యమన్నవాళ్లని చూశాను. పీకెయ్యమన్న మొదటి మనిషి ఈ అమ్మాయే. నాకు నవ్వొచ్చింది, అంతకంటే ఎక్కువగా లోపల కుతూహలం పట్టుకుంది. టీ తెప్పించి కూర్చోబెట్టాను.

ట్రయల్స్ అంటే పరుగు పందెం కాదట. బండరాళ్లు, నీళ్లు, దుంగలు ఉన్న చోట రిబ్బన్లు కట్టి దారి గుర్తు పెడతారు. అందులోంచి మెల్లగా, నిలబడే బండి నడుపుతూ బయటికి రావాలి. కాలు కింద పెడితే తప్పు మార్కు. ఎవరికి తక్కువ తప్పులుంటే వాళ్లు గెలిచినట్టు. ఎంత మెల్లగా వెళ్తే అంత గొప్పన్నమాట! వేగం కోసం నా ప్రాణం తీసేవాళ్ల మధ్య బతికినవాణ్ణి, ఆ మాట విని నా చెవులు నేనే నమ్మలేదు.

సువార్త ఏడాది ముందు అరువు బండితో కర్ణాటకలో ఒక పోటీకి వెళ్లింది. సగంలో రాళ్ల మధ్య పడి కుడి మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషను అయ్యింది. బండి నడపొచ్చుగానీ ఆ కాలు రాయి మీద మళ్లీ అలా మెలిపడితే ఈ ఆట మర్చిపోవాలని డాక్టరు చెప్పాడు. ఇంకో రెండు నెలల్లో అదే చోట మళ్లీ పోటీ. పేరు ఇచ్చేసింది.

“గెలవాలని లేదండి. చివరి రిబ్బను దాకా వెళ్లాలి. కిందటిసారి నన్ను మోసుకొచ్చారు. ఈసారీ పూర్తి చెయ్యలేకపోతే నా వల్ల కాదని ఒప్పేసుకుని మానేస్తాను” అంది.

కాలు కింద పెట్టే అవసరం వీలైనంత తక్కువ రావాలి. పెట్టాల్సి వచ్చినా మెలిపడకూడదు. బండి పనంతా ఆ ఒక్క మోకాలి కోసం.

మెత్తగా, నిదానంగా

నాకు తెలిసిందంతా తిరగేయాల్సి వచ్చింది. మొదట చెయిను తిరిగే పళ్లచక్రాలు మార్చాం, వెనక స్ప్రాకెట్టు పెద్దది, ముందుది చిన్నది వేశాం. మొదటి గేరులో బండి మనిషి నడకకంటే మెల్లగా కదలడం మొదలుపెట్టింది. అంత మెల్లగా నడిస్తే ఇంజను ఆగిపోతోంది. ఏం చెయ్యాలా అని రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. రైసు మిల్లులో పెద్ద చక్రం బెల్టు తప్పాక కూడా తిరుగుతూనే ఉంటుంది కదా, అది గుర్తొచ్చింది. మిల్లు షాఫ్టులు చేసే లేతు షాపులో ఇనుప రింగు తీయించి, ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెటుకి బిగించాను. ఆ బరువుతో ఇంజను ఆగకుండా టక్ టక్‌మంటూ ఓపిగ్గా తిరిగింది. షెడ్డులో నేనొక్కణ్ణే ఉండి గట్టిగా నవ్వాను.

ఫుట్‌రెస్టులు కిందికి, కాస్త వెనక్కి జరిపాం. హ్యాండిలు ఎత్తూ వెడల్పూ పెంచాం. క్లచ్చి ఒక వేలితో లాగేటట్టు చేశాం. ప్రతిదీ మార్చాక సువార్తని బండి మీద నిలబెట్టి మోకాలు వంగే తీరు చూసేవాణ్ణి. వంపు చాలా లోతైతే మళ్లీ విప్పడమే. అరంగుళం జరిపి బిగిస్తే ఆ అమ్మాయి ముఖంలో తేడా కనిపించేది. ఫోన్లో పార్టు ఆర్డరు పెట్టేసి, వచ్చింది వచ్చినట్టు బిగించేవాళ్లకి ఇది చెప్పాలని నా తాపత్రయం. పార్టు డబ్బాలో వస్తుంది, కొలత మనిషి దగ్గరుంటుంది.

దానియేలు మాస్టారు ఒకసారి వచ్చి బండి చుట్టూ తిరిగారు. “సీటు లేదు, గార్డు లేదు, ఇది అయ్యిందా, ఇంకా అవ్వాలా అబ్బులు గారూ?” అని అడిగారు. అయిపోయిందండీ అంటే ఆయనకి నమ్మకం కుదరలేదు.

టైరు దగ్గర నేను బోర్లాపడ్డాను. ట్రయల్స్ టైరు మెత్తటి రబ్బరు, నలుచదరపు గుబ్బలు. తెప్పించి వేసి, అలవాటు ప్రకారం గాలి దిట్టంగా కొట్టేశాను. మన డెల్టాలో అంతా ఒండ్రు మట్టి, బండరాయి కావాలంటే ఎక్కడికి పోతాం? సముద్రం ఊరిని కోసేయకుండా ఉప్పాడ ఒడ్డున రాళ్లు పోశారు. వాటికి ఒక చివర విడిగా పడున్న రాళ్లు కొన్ని ఉన్నాయి. ట్రక్కు ఆటోలో బండి ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్లాం. మొదటి రాయికే బండి బంతిలా ఎగిరింది.

అక్కడ చేపలు ఎండబెట్టే సత్తెమ్మ అని ఒకావిడ ఉంది. గంప నెత్తిన పెట్టుకుని నాచు పట్టిన ఆ రాళ్ల మీదే ఉత్తికాళ్లతో నడిచి వెళ్లిపోతోంది. మా తిప్పలు చూసి ఆగింది. జారవేంటమ్మా అని అడిగాను.

“బిగబట్టి అడుగేత్తే జారిపోద్దండి. కాలు వదిలేసి ఏత్తే రాయికి అతుక్కుంటాది” అంది.

ఆవిడ పాదం వైపు చూశాను. రాయి మీద పడగానే వెడల్పుగా పరుచుకుంటోంది. వెంటనే టైర్లో గాలి సగానికి సగం తీసేశాను, తర్వాత ఇంకా తీశాను. చేత్తో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా అయ్యింది. ఇదే నా షెడ్డుకొస్తే పంక్చరు అనుకునేవాణ్ణి. బండి రాయిని పట్టుకుని పాకింది. ఆ ఆనందంలో ఒక సంగతి మర్చిపోయాను. గాలి తక్కువైతే టైరు రిమ్ము మీద జరుగుతుంది, దాంతోపాటు ట్యూబు జరిగి వాల్వు తెగుతుంది. తెగింది కూడా. టైరును రిమ్ముకి అదిమి పట్టే బోల్టు ఒకటుంటుందని అప్పుడు తెలుసుకుని వేశాను. ఇలాంటి తప్పులకి నాకు బాధ లేదు, ట్యూబు పోతే ట్యూబు దొరుకుతుంది.

నాన్న ముక్క

పోటీకి ఇరవై రోజులుందనగా మాస్టారు ఒక్కరే షెడ్డుకి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆసుపత్రిలో ఆపరేషను థియేటరు బయట తాను ఎలా గడిపారో చెప్పారు. మానెయ్యమంటే వినదు, మీరే ఏదో ఒకటి చెయ్యాలన్నారు. ఏం చెయ్యమంటున్నారో ఇద్దరికీ తెలుసు.

మా వైపు మెకానిక్కులకి ఇది కొత్త కాదు. కొడుక్కి బండి కొన్న తండ్రి మర్నాడే ఒంటరిగా షెడ్డుకి వస్తాడు. కుర్రాడికి తెలియకుండా వేగం తగ్గించమంటాడు. కార్బ్యురేటరు మూత విప్పి, లోపల కేబులుకి అంగుళం లోపు పైపు ముక్క తొడుగుతాం. యాక్సిలరేటరు ఎంత తిప్పినా, ఇంజనుకి పెట్రోలు వదిలే లోపలి స్లైడు సగం దాకానే లేస్తుంది. మా షెడ్డులో దానికి నాన్న ముక్క అని పేరు. ఎన్ని వేశానో లెక్కలేదు. కొన్ని ప్రాణాలు కాపాడాననే నా నమ్మకం, ఇప్పటికీ కొంత నమ్ముతాను. రోడ్డు మీద అది సరిపోతుంది.

మాస్టారికి అలాగేనండి అన్నాను. ఆయన వెళ్లాక పైపు ముక్క కోసి, అంచులు అరగదీసి, తొడిగి మూత పెట్టేశాను. పావుగంట పని. నా కూతురి వయసు పిల్ల, దెబ్బ తగలకుండా చూస్తున్నాను కదా అనుకున్నాను. సాయంత్రం సువార్త వచ్చి, ఏమైనా మార్చారా అండి అని అడిగింది. చెయిను బిగించానమ్మా అన్నాను.

పెద్ద రాయి

ఆ తర్వాతి ఆదివారం, చర్చి అయ్యాక ఉప్పాడ వెళ్లాం. మాస్టారు కూడా వచ్చారు. ఆ రాళ్లలో ఒకటి నడుమెత్తు ఉంటుంది. పోటీలో ఇలాంటివే ఎక్కాలి కాబట్టి దాని మీదే గురి పెట్టుకుంది. దగ్గరికి మెల్లగా వచ్చి, సరిగ్గా రాయి మొదట్లో ఒక్కసారి యాక్సిలరేటరు తిప్పితే బండి ముందు చక్రం పైకి లేచి, వెనక చక్రం దాన్ని తోసుకుంటూ ఎక్కాలి. నిరుడు అలాంటి రాళ్లు చాలా ఎక్కానని చెప్పింది.

మొదటిసారి సగం దాకా లేచి ఇంజను గొంతు నొక్కినట్టు మూలిగింది, బండి వెనక్కి జారింది. రెండోసారీ అంతే. మూడోసారి పక్కకి ఒరిగి కుడికాలు నాచు రాయి మీద పెట్టింది. కాలు జారింది. చిన్నగా అరిచి బండి వదిలేసి కూలబడింది.  ఇద్దరం పరిగెత్తాం. మోకాలు పట్టుకుని చాలాసేపు వంచి చాపి చూసుకుంది. మెలిపడలేదు, వెంట్రుకవాసిలో తప్పింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఈ ఆటలో మెల్లగా పోవడం ఎంత ముఖ్యమో, ఆ ఒక్క క్షణం బలం అందడం అంత ముఖ్యం. అది అందకపోతే బండి రాయి మధ్యలో ఆగుతుంది, ఆగితే కాలు పెట్టాల్సిందే. కాలు కింద పడకూడదని ఇన్నాళ్లూ కష్టపడి, కాలు కింద పడేటట్టు నేనే చేశాను.

సువార్త మాత్రం బండిని ఒక్క మాట అనలేదు. తనని తాను అనుకుంది. రాయి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి భయపడుతోందట, తనకి తెలియకుండానే యాక్సిలరేటరు తక్కువ తిప్పుతోందట. “ధైర్యం పోయిందండి నాకు. కాలు బాగైంది, నేను బాగవలేదు. రేపు ఫోన్ చేసి పేరు తీయించేస్తాను” అంది. కళ్లు తుడుచుకోకుండా సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

మాస్టారు పోన్లే అమ్మా, పోన్లే అంటూ కూతురి తల నిమిరారు. ఆయన ముఖంలో ఎంత తేలిక కనబడిందో చెప్పలేను. నా వైపు చూసి మెల్లగా తల ఊపారు. ఇంక నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. నోరు మూసుకుని బండి ఆటోలో ఎక్కించుకుంటే చాలు. పిల్ల క్షేమంగా ఉంటుంది, తండ్రి నాకు జన్మంతా దణ్ణం పెడతాడు. పైగా నా చేతి తప్పు ఎవరికీ తెలియదు. నిజంగానే ఎక్కించడానికి హ్యాండిలు పట్టుకున్నాను.

వదిలేశాను. లేని పిరికితనం ఉందనుకుని ఆ అమ్మాయి జీవితాంతం బతుకుతుంది. మోకాలికి డాక్టరున్నాడు, దీనికెవరున్నారు?

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, సువార్త ముందు కూర్చుని, కార్బ్యురేటరు మూత విప్పాను. పైపు ముక్క బయటికి తీసి చూపించాను. ఇది నేను వేశానమ్మా, దీంతో ఈ రాయి ఎవరూ ఎక్కలేరు, నీ చేతిలో లోపం లేదు అని చెప్పాను. తను ఆ ముక్కనీ, నన్నూ, వాళ్ల నాన్ననీ చూసింది. మాస్టారు, నేనే వెయ్యమన్నానమ్మా అన్నారు. 

సువార్త నన్నే అడిగింది. “నాన్నగారు అడిగారని వేశారా? నేను చెయ్యలేనని మీక్కూడా అనిపించి వేశారా?”

మాస్టారి మీదికి తోసెయ్యడం ఎంత సేపు? ఆయన కాదనేవారు కూడా కాదు.

“నాక్కూడా అనిపించిందమ్మా” అన్నాను.

సువార్త తిట్టినా బావుండేది. నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, మీరు అటు వెళ్లి కూర్చోండి అంది. స్లైడు తుడిచి లోపలికి దించి, మూత తనే బిగించుకుంది. నేనూ మాస్టారూ రాళ్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నారు. బండి రాయి దగ్గరికి మెల్లగా వచ్చింది, ఒక్కసారి గట్టిగా అరిచింది. ముందు చక్రం, దాని వెంటే వెనక చక్రం పైకి వెళ్లాయి. సువార్త ఆ రాయి మీద, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, కాలు కింద పెట్టకుండా ఆగింది. తర్వాత అవతలి వైపు దిగింది. మాస్టారు లేచి నిలబడి ఏడ్చేశారు.

ఇప్పుడు

పోటీకి నన్ను పిలవలేదు. మాస్టారే వెళ్లి, అక్కణ్ణుంచి ఫోన్ చేశారు. చాలాసార్లు కాలు పెట్టిందండీ, మార్కుల్లో కిందనే ఉంది, కానీ చివరి రిబ్బను దాటేసింది అన్నారు. ఆ మాట ఆయన నాకు మూడుసార్లు చెప్పారు.

మీరు ఈ పనిలో ఉంటే మీ దగ్గరికీ నాన్నలు వస్తారు, భర్తలు వస్తారు, నడిపేవాళ్లకి తెలియకుండా ఏదో ఒకటి వెయ్యమంటారు. వాళ్ల భయం నిజమైందే, కసిరి పంపకండి. నడిపే మనిషిని కూడా పిలిచి, ఇద్దరి ముందూ మాట్లాడండి. వేగం తగ్గించే ముక్క వేసినా ఆ మనిషి చేతులతోనే వేయించండి. నేను అంతకుముందు వేసిన ముక్కల వల్ల ఎంతమంది పిల్లలు తమకి చేతకాదనుకుని బండి పక్కన పెట్టేశారో నాకు తెలియదు. ఇప్పుడు వాళ్లని వెతికి చెప్పడం కుదరదు.

సువార్త ఇప్పటికీ బండి తీసుకుని మా ఇంటికి వస్తుంది. గేర్ల గురించి అడుగుతుంది, టైర్ల గురించి వాదిస్తుంది, ముందు చక్రం స్ప్రింగులు నా చేతే విప్పిస్తుంది. కార్బ్యురేటరు మాత్రం నన్ను ముట్టుకోనివ్వదు. తనే విప్పి, తనే కడిగి, మూత పెట్టే ముందు నా కళ్లముందుకి తెచ్చి పట్టుకుంటుంది.

“చూడండి మేస్త్రి గారూ. లోపల ఏముందో చెప్పండి.”

కళ్లజోడు పెట్టుకుని లోపలికంటా చూస్తాను. ఏమీ లేదమ్మా అని నేను పైకి చెప్పేదాకా మూత పెట్టదు.